పాత కారు మైలేజీ పడిపోతే తప్పంతా ఇథనాల్‌దేనా?

న్యూఢిల్లీ: దేశవ్యాప్తంగా పెట్రోలు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు సరఫరా కావడం మొదలైన తర్వాత పాత కార్ల యజమానుల నోట ఒకటే ఫిర్యాదు వినవస్తోంది. బండి మునుపటిలా మైలేజీ ఇవ్వడం లేదన్నదే ఆ ఫిర్యాదు. ఇందులో నిజం లేకపోలేదు. అయితే పది, పదిహేనేళ్లు పైబడిన కారు లీటరుకు నాలుగైదు కిలోమీటర్లు తక్కువ నడుస్తోందంటే ఆ నేరమంతా ఇంధనం మీద మోపడానికి లెక్కలు ఒప్పుకోవు. నష్టంలో ఇథనాల్ వాటా కొంత మాత్రమే. మిగిలినదానికి కారణాలు చాలా సందర్భాల్లో కారులోనే, అదీ తక్కువ ఖర్చుతో సరిచేయగలిగిన చోటనే ఉంటాయి.

ఈ తేడా గుర్తించకపోతే యజమాని రెండు విధాల నష్టపోతాడు. పెట్రోలుదే తప్పనుకుని ఊరుకుంటే ప్రతి నెలా డబ్బు పొగ గొట్టం గుండా పోతూనే ఉంటుంది. లేదా ఎవరో చెప్పారని ఒకదాని తర్వాత ఒకటిగా విడిభాగాలు మార్పిస్తూ పోతే, అసలు లోపం అలాగే ఉండి జేబు ఖాళీ అవుతుంది.

నష్టం ఏపాటిదో ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే కారు లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చినప్పుడు 62.5 లీటర్లు చాలు. అదే కారు 11 కిలోమీటర్లకు పడిపోతే దాదాపు 91 లీటర్లు కావాలి. తేడా 28 లీటర్ల పైచిలుకు. లీటరు నూరు రూపాయల లెక్కన చూసినా నెలకు రూ.2,800, ఏడాదికి సుమారు రూ.34 వేలు. కారు మీద ఆధారపడి బతికే చిరు వ్యాపారికి, అద్దె కారు నడిపే డ్రైవరుకు ఇది చిన్న మొత్తం కాదు.

ఇథనాల్ వాటా ఎంత?

పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యానికి కేంద్ర ప్రభుత్వం తొలుత 2030ని గడువుగా పెట్టుకుని, తర్వాత దానిని 2025కు ముందుకు జరిపింది. 10 శాతం మిశ్రమం 2022లో సాధ్యమైంది. ఈ-20గా పిలుస్తున్న 20 శాతం మిశ్రమాన్ని 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో ప్రధానమంత్రి ప్రారంభించారు. 2025 నాటికి అది దేశమంతటికీ విస్తరించింది. ఇథనాల్ కలపని పెట్రోలును కూడా అందుబాటులో ఉంచాలని కోరుతూ దాఖలైన ప్రజా ప్రయోజన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 1న కొట్టివేసింది.

ఇథనాల్ వల్ల మైలేజీ తగ్గుతుందన్న సంగతిని ప్రభుత్వం దాచిపెట్టలేదు. 2021 జూన్‌లో వెలువడిన నీతి ఆయోగ్ నివేదికలోనే ఆ అంచనాలు ఉన్నాయి. అసలు పెట్రోలు కోసం రూపొందించి, 10 శాతం మిశ్రమానికి అనుగుణంగా సర్దుబాటు చేసిన కార్లలో ఈ-20 వాడితే 6 నుంచి 7 శాతం వరకు సామర్థ్యం తగ్గుతుందని ఆ నివేదిక పేర్కొంది. 10 శాతం మిశ్రమం కోసమే రూపొందించి, ఈ-20కి సర్దుబాటు చేసిన కార్లలో ఈ నష్టం 1 నుంచి 2 శాతమేనని వివరించింది. పెట్రోలియం మంత్రిత్వ శాఖ 2025 ఆగస్టులో ఇచ్చిన వివరణలో కొత్త తరహా కార్లకు 1-2 శాతం, మిగిలినవాటికి 3-6 శాతం తగ్గుదల ఉండవచ్చని తెలిపింది.

ఈ అంకెలను ఎవరికి వారు సరిచూసుకోవచ్చు. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. లీటరు ఇథనాల్‌లో ఉండేది 21 మెగాజౌళ్లు మాత్రమే. ఎనభై పాళ్లు పెట్రోలు, ఇరవై పాళ్లు ఇథనాల్ కలిస్తే లీటరుకు 29.8 మెగాజౌళ్లు వస్తాయి. అంటే స్వచ్ఛమైన పెట్రోలు కంటే ఏడు శాతం తక్కువ. 10 శాతం మిశ్రమంతో పోల్చితే మూడున్నర శాతం తక్కువ.

కనుక లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చిన కారు ఇథనాల్ కారణంగా 15 కిలోమీటర్ల దరిదాపులకు రావడం సహజం. అది 11కు పడిపోయిందంటే మాత్రం ఒక కిలోమీటరు ఇంధనం ఖాతాలోనూ, తక్కిన నాలుగు కారు ఖాతాలోనూ వేయవలసి ఉంటుంది.

లెక్క లేనిదే లోపం తెలియదు

మైలేజీ తగ్గిందన్న ఫిర్యాదుల్లో చాలామటుకు అంచనాల మీద ఆధారపడినవే. డాష్‌బోర్డులోని పెట్రోలు ముల్లును చూసి లెక్క కట్టడం, వెయ్యి రూపాయల పెట్రోలు ఎన్ని రోజులు వచ్చిందో చూసుకోవడం నమ్మదగిన పద్ధతులు కావు. ధర మారితే ఆ లెక్క మారుతుంది. పాత కార్లలో ముల్లు చూపేది స్థూలమైన మట్టం మాత్రమే.

సరైన పద్ధతి ట్యాంకు నుంచి ట్యాంకుకు లెక్కించడం. పెట్రోలు పోసే గన్ దానంతటదే ఆగిపోయే వరకు నింపించి, అక్కడితో ఆపి, ఓడోమీటరు అంకె రాసుకోవాలి. నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగిన తర్వాత అదే బంకులో, వీలైతే అదే పంపు వద్ద, మళ్లీ గన్ దానంతటదే ఆగే వరకు నింపించాలి. తిరిగిన దూరాన్ని ఈసారి పట్టిన లీటర్లతో భాగిస్తే మైలేజీ తెలుస్తుంది. ఒక్కసారి కాక మూడు సార్లు ఇలా చేసి సగటు తీస్తేనే దానికి విలువ. గన్ ఆగిన తర్వాత రూపాయలు సరిపెట్టడానికి మరికొంత పోయించుకుంటే లెక్క తప్పుతుంది.

ఓడోమీటరును కూడా ఒకసారి పరీక్షించడం అవసరం. కంపెనీ ఇచ్చిన పరిమాణం కంటే పెద్ద టైర్లు వేయించిన కార్లలో ఓడోమీటరు అసలు దూరం కంటే తక్కువ చూపుతుంది. కారు నిజంగా నడిచిన దూరం మీటరులో కనిపించదు కనుక మైలేజీ తగ్గినట్లు భ్రమ కలుగుతుంది. జాతీయ రహదారిపై కిలోమీటరు రాళ్ల లెక్కన ఇరవై కిలోమీటర్లు నడిపి మీటరుతో పోల్చి చూస్తే ఈ సందేహం తీరుతుంది.

దేనితో పోల్చుతున్నామన్నదీ ముఖ్యమే. కంపెనీలు ప్రకటించే మైలేజీ అంకెలు ప్రయోగశాలలో రోలర్ల మీద, నిర్ణీత వేగాల క్రమంలో, ఏసీ లేకుండా కొలిచినవి. రోడ్డు మీద ఆ అంకె రాకపోవడం లోపం కిందికి రాదు. అదే కారు, అదే డ్రైవరు, అదే దారిలో రెండు మూడేళ్ల క్రితం ఎంత ఇచ్చిందన్నదే సరైన కొలమానం.

కాలుష్య ధ్రువపత్రం చెప్పే నిజం

ఖర్చు లేని మొదటి పరీక్ష చాలామంది కార్ల అరల్లోనే పడి ఉంటుంది. అదే కాలుష్య నియంత్రణ ధ్రువపత్రం. పోలీసులు ఆపితే చూపించడానికే పనికివస్తుందని భావించే ఆ కాగితం మీద కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్ల అంకెలు అచ్చయి ఉంటాయి. ఇంజనులో పెట్రోలు పూర్తిగా మండనప్పుడే ఈ వాయువులు అధికంగా వెలువడతాయి. ఒక పాలు పెట్రోలు సంపూర్ణంగా మండడానికి బరువు లెక్కన సుమారు 14.7 పాళ్ల గాలి అవసరం. గాలి తగ్గినా, పెట్రోలు ఎక్కువైనా కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 ప్రకారం బీఎస్-2కు ముందు తయారైన పెట్రోలు కార్లకు ఈ వాయువు పరిమితి 3 శాతం. బీఎస్-2, బీఎస్-3 కార్లకు 0.5 శాతం. బీఎస్-4, ఆపై కార్లకు 0.3 శాతం. గత పరీక్షల అంకెలతో పోల్చి చూసినప్పుడు ఇది క్రమంగా పెరుగుతూ వస్తుంటే ఇంజను అవసరానికి మించి పెట్రోలు తాగుతోందని అర్థం. కార్బన్ మోనాక్సైడ్ తక్కువగా ఉండి హైడ్రోకార్బన్లు మాత్రమే ఎక్కువగా ఉంటే ప్లగ్గుల వద్ద నిప్పు సరిగా పడడం లేదనో, వాల్వులు అరిగాయనో అనుమానించాలి.

అయితే యంత్రపు గొట్టాన్ని సైలెన్సర్‌లో పెట్టి నిజంగా కొలిచినప్పుడే ఈ అంకెలకు విలువ ఉంటుంది. పైగా కెటలిటిక్ కన్వర్టర్ ఉన్న కార్లలో ఆ పరికరం విషవాయువులను కొంత శుద్ధి చేసిన తర్వాత బయటికి వచ్చే పొగనే యంత్రం కొలుస్తుంది. అందువల్ల అంకెలు బాగున్నంత మాత్రాన ఇంజను నిర్దోషి అని తేలినట్లు కాదు. అంకెలు బాగా లేకపోతే మాత్రం లోపం ఉన్నట్లే.

ముందుగా చక్రాలు, ఆ తర్వాతే ఇంజను

మైలేజీ అనగానే అందరి దృష్టి ఇంజను మీదికే వెళుతుంది. కానీ ఇంజను పుట్టించిన శక్తిని చక్రాల వద్ద ఏదో ఒకటి పట్టి ఆపుతుంటే ఎంత ట్యూనింగు చేయించినా ఫలితం ఉండదు. పాత కార్లలో సర్వసాధారణమైన లోపం పట్టేసిన బ్రేకులు. హ్యాండ్‌బ్రేకు తీగ తుప్పు పట్టి పూర్తిగా వదలకపోవడం, ముందు చక్రాల డిస్క్ బ్రేకుల్లో పిస్టన్ బిగుసుకుపోవడం వల్ల బ్రేకు వేయకపోయినా రాపిడి కొనసాగుతూనే ఉంటుంది.

దీనిని కనిపెట్టడానికి యంత్రాలేమీ అక్కరలేదు. బ్రేకు పెద్దగా వాడకుండా పది కిలోమీటర్లు నడిపి, నిదానంగా ఆపి, నాలుగు చక్రాల దగ్గరికీ చేయి చాపి వేడి చూడాలి. ఒక చక్రం మిగిలిన మూడింటి కంటే బాగా వేడెక్కి ఉంటే అక్కడే బ్రేకు గానీ, బేరింగు గానీ పట్టేస్తోందని గ్రహించవచ్చు. డిస్కును నేరుగా తాకితే చేయి కాలుతుంది కనుక జాగ్రత్త అవసరం. చదునైన నేల మీద గేరు తీసి, హ్యాండ్‌బ్రేకు దించి తోసినప్పుడు చిన్న కారు ఒక మనిషి బలానికి కదలాలి. కదలకపోతే మెకానిక్ షెడ్డులో జాకీ ఎత్తించి చక్రాలను ఒక్కొక్కటిగా తిప్పించి చూడాలి.

టైర్లలో గాలి సంగతి అందరికీ తెలిసిందే అయినా దాని ప్రభావాన్ని అతిగా ఊహించుకోరాదు. నాలుగు టైర్లలో సగటున ఒక్కో పీఎస్ఐ తగ్గితే మైలేజీ 0.2 శాతం తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ అంచనా. అంటే పది పీఎస్ఐ తగ్గినా నష్టం రెండు శాతమే. టైర్ల మన్నిక కోసం, భద్రత కోసం గాలి సరిచూసుకోవలసిందే గానీ, 16 కిలోమీటర్లు 11 కావడానికి అదొక్కటే కారణం కాజాలదు.

క్లచ్ జారడం మరో దొంగ లోపం. ఎగువ దారిలో పై గేరులో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజను చప్పుడు పెరిగి కారు వేగం మాత్రం పెరగకపోతే క్లచ్ ప్లేటు అరిగినట్లే. అప్పుడు ఇంజను శక్తిలో కొంత భాగం క్లచ్ వేడెక్కడానికే ఖర్చవుతుంది.

కార్బురేటర్ కార్ల కథ వేరు

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, తొలినాళ్ల మారుతి 800 కార్లలో పెట్రోలును గాలితో కలిపేది కార్బురేటర్. 1983 డిసెంబర్‌లో రోడ్డెక్కిన మారుతి 800 ఉత్పత్తి 2014 జనవరిలో నిలిచిపోయింది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడాలో తయారైన అంబాసిడర్ కూడా అదే ఏడాది మే నెలలో ఆగిపోయింది. ముంబయి వీధుల నుంచి చివరి పద్మిని టాక్సీ 2023 అక్టోబర్‌లో వైదొలగింది. అయినా ఈ తరం కార్లు కొన్ని చిన్న పట్టణాల్లోనూ, అభిమానుల ఇళ్లలోనూ ఇప్పటికీ నడుస్తున్నాయి.

ఈ కార్లకు గాలి, పెట్రోలు పాళ్లను తనంతట తాను సరిదిద్దుకునే కంప్యూటర్ లేదు. అందుచేత ఇథనాల్ ప్రభావం వీటి మీద రెండు రకాలుగా ఉంటుంది. మొదటిది శక్తి తగ్గడం. రెండవది మిశ్రమం పలచబడడం. ఇథనాల్ మండడానికి గాలి తక్కువ చాలు. బరువు లెక్కన ఒక పాలుకు తొమ్మిది పాళ్లు సరిపోతుంది. జెట్లు పాతవే కనుక గాలి మిగిలిపోయి ఇంజను తడబడుతుంది. డ్రైవరు ఆ తడబాటు పోగొట్టడానికి చోక్ కొద్దిగా లాగి నడుపుతాడు, లేదా మెకానిక్ జెట్లు పెద్దవి చేస్తాడు. ఇక అక్కడి నుంచి మైలేజీ ఇథనాల్ వల్ల తగ్గవలసిన దానికంటే ఎన్నో రెట్లు తగ్గుతుంది. చోక్ పూర్తిగా లోపలికి వెళుతోందా, కార్బురేటర్ మీది పలక నిజంగా తెరుచుకుంటోందా అన్నది ఎయిర్ ఫిల్టర్ మూత విప్పి కళ్లారా చూడడం అన్నిటికంటే ముందు చేయవలసిన పని.

ఆ తర్వాత ప్లగ్గులు. ఇరవై కిలోమీటర్లు నడిపిన తర్వాత ఇంజను చల్లారనిచ్చి ప్లగ్గులు విప్పితే వాటి కొనలే జాతకం చెబుతాయి. లేత గోధుమ రంగు ఉంటే దహనం సవ్యంగా ఉన్నట్లు. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువైనట్లు. తెల్లగా పాలిపోయి ఉంటే మిశ్రమం పలచబడినట్లు. నూనె జిడ్డు ఉంటే ఇంజనాయిల్ పైకి ఎక్కుతున్నట్లు. నాలుగు ప్లగ్గుల్లో ఒక్కటే తేడాగా ఉంటే లోపం ఆ సిలిండర్‌కే పరిమితమని అర్థం.

ఫ్లోట్ మట్టం పెరగడం, నీడిల్ వాల్వు అరగడం, డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల మధ్య సందు మారడం, నిప్పు పడే సమయాన్ని ఇంజను మీది భారానికి తగినట్లు ముందుకు జరిపే వాక్యూమ్ డయాఫ్రం చిరగడం ఈ కార్లలో తరచు కనిపించే ఇతర కారణాలు. పెట్రోలు వాసన వస్తుంటే గొట్టాలను తక్షణం చూపించాలి. పాత రబ్బరు ఇథనాల్‌కు తట్టుకోక మెత్తబడి పగుళ్లు తీయవచ్చు. కొన్ని పాత వాహనాల్లో 20 వేల నుంచి 30 వేల కిలోమీటర్లు నడిచాక కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చవలసి రావచ్చునని పెట్రోలియం శాఖ కూడా 2025 ఆగస్టులో అంగీకరించింది. ఇది మైలేజీకి సంబంధించిన విషయం మాత్రమే కాదు. అగ్నిప్రమాదానికి సంబంధించినది కూడా.

ఇంజెక్షన్ కార్లలో పొంచి ఉండే లోపాలు

రెండువేల సంవత్సరం ప్రాంతంలో కఠినమైన కాలుష్య ప్రమాణాలు అమలులోకి రావడంతో కార్బురేటర్ల స్థానాన్ని ఎంపీఎఫ్ఐగా పేర్కొనే ఇంజెక్షన్ వ్యవస్థ ఆక్రమించింది. ఇందులో సెన్సార్లు పంపే సమాచారాన్ని బట్టి ఎంత పెట్రోలు చిమ్మాలో చిన్న కంప్యూటర్ నిర్ణయిస్తుంది. సెన్సార్ అబద్ధం చెబితే కంప్యూటర్ దానినే నమ్మి పెట్రోలు గుమ్మరిస్తుంది.

మన దేశంలో దీనికి ఒక విచిత్రమైన కారణం తోడవుతుంది. ఎండల దేశంలో ఇంజను వేడెక్కిపోతుందన్న భయంతో కొందరు మెకానిక్‌లు థర్మోస్టాట్ వాల్వును తీసి పారేస్తుంటారు. ఇంజను తగినంత వేడెక్కే వరకు నీటిని రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపడమే దాని పని. అది లేకపోయినా, తెరుచుకుని ఇరుక్కుపోయినా ఇంజను ఎంతసేపటికీ సరైన ఉష్ణోగ్రతకు చేరదు. ఇంజను ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ అదనంగా పెట్రోలు పంపుతూనే ఉంటుంది. సిలిండర్ల అరుగుదల కూడా పెరుగుతుంది. పదిహేను నిమిషాలు నడిపినా ఉష్ణోగ్రత ముల్లు మధ్యకు రాకుండా అడుగునే ఉంటే ఈ లోపం ఉందేమో చూడాలి. థర్మోస్టాట్ పెద్ద ఖరీదైన వస్తువు కాదు.

పొగలోని ప్రాణవాయువును కొలిచే ఆక్సిజన్ సెన్సార్ చెడిపోవడం మరింత తీవ్రమైన లోపం. ఇటువంటి పెద్ద లోపాన్ని సరిచేస్తే మైలేజీ 40 శాతం వరకు మెరుగుపడవచ్చునని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. డాష్‌బోర్డు మీద ఇంజను గుర్తు దీపం వెలిగి ఉంటే దాన్ని పట్టించుకోకుండా నడపడం వల్ల జరిగే నష్టం ఇదే. కొత్త తరం కార్లలో స్కానర్ తగిలించి లోపం సంకేతాన్ని చదివించవచ్చు. అయితే ఒక సెన్సార్ పేరు తెరమీద కనిపించగానే దానిని మార్చేయడం తొందరపాటు. తెగిన తీగ, తుప్పు పట్టిన కనెక్టర్, గాలి పీల్చే గొట్టంలో చీలిక కూడా అదే సంకేతాన్ని తెప్పించగలవు.

ఎయిర్ ఫిల్టర్ విషయంలో చాలాకాలంగా ఉన్న ఒక నమ్మకాన్ని పరిశోధనలు సవరించాయి. మూసుకుపోయిన ఫిల్టర్ వల్ల ఇంజెక్షన్ కార్లలో చురుకుదనం తగ్గుతుందే తప్ప మైలేజీ చెప్పుకోదగినంతగా తగ్గదని అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో నిర్వహించిన అధ్యయనంలో తేలింది. లోపలికి వచ్చిన గాలిని కొలిచి దానికి తగినంత పెట్రోలునే కంప్యూటర్ పంపడం ఇందుకు కారణం. కార్బురేటర్ కార్లలో మాత్రం ఫిల్టర్ మారిస్తే 2 నుంచి 6 శాతం లాభం ఉంటుంది. ఒకే సలహా అన్ని కార్లకూ వర్తించదనడానికి ఇది నిదర్శనం.

చివరి పరీక్ష కంప్రెషన్

పైవన్నీ సరిగా ఉన్నప్పటికీ మైలేజీ రాకపోతే అప్పుడే ఇంజను అరుగుదలను అనుమానించాలి. ప్లగ్గు విప్పిన చోట గేజి బిగించి ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి ఎంత ఉందో చూస్తారు. ఒక సిలిండర్‌లో ఒత్తిడి తక్కువగా ఉంటే అందులో చెంచాడు ఇంజనాయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. అంకె పెరిగితే పిస్టన్ రింగులు అరిగినట్లు. పెరగకపోతే వాల్వులు కారుతున్నట్లు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లలో ఒత్తిడి కలిసికట్టుగా తగ్గితే హెడ్ గ్యాస్కెట్‌ను చూడాలి. ఈ పరీక్ష చేయకుండానే ఇంజను బోరుకు వచ్చిందని ఎవరైనా తేల్చితే ఒప్పుకోకపోవడమే మంచిది. వాల్వుల సందు సరిచేయడంతో పోయే లోపానికి ఇంజను మొత్తం విప్పించుకున్నవారు ఉన్నారు.

బంకు కొలత మీద అనుమానం ఉంటే

పెట్రోలు కొలతలోనే మోసం జరుగుతోందన్న సందేహం కలిగితే దానికీ పరీక్ష ఉంది. తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన ఐదు లీటర్ల కొలపాత్ర ప్రతి బంకులో ఉండాలి. వినియోగదారు అడిగితే దానిలో పోసి చూపించాలి. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల వరకు తేడాను నిబంధనలు అనుమతిస్తాయి. అంటే అర శాతం. అంతకు మించి తగ్గితే శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. రెండు వేర్వేరు బంకుల్లో మూడేసి సార్లు ట్యాంకు నింపించి మైలేజీ పోల్చినా విషయం బయటపడుతుంది.

డ్రైవరు అలవాట్లనూ ఈ లెక్కలోకి తీసుకోవాలి. ఇల్లు మారి రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే కారు ఇంజను వేడెక్కకముందే ఆగిపోతుంది. అటువంటి ప్రయాణాల్లో మైలేజీ తగ్గడం కారు లోపం కాదు. ట్రాఫిక్ పెరిగి అదే దారికి రెట్టింపు సమయం పట్టడం, ఏసీ వాడకం పెరగడం, డిక్కీలో అక్కరలేని బరువు మోయడం కూడా అటువంటివే. గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగంతో నడపడం మేలని 1978లో ఏర్పడిన పెట్రోలియం పరిరక్షణ పరిశోధన సంఘం ఏళ్ల తరబడి ప్రచారం చేస్తూ వస్తోంది.

పొరుగు దేశం నేర్చిన పాఠం

ఒక్కో లీటరుకు ఉన్న విలువ ఏమిటో పొరుగున ఉన్న శ్రీలంక కష్టకాలంలో తెలుసుకుంది. విదేశ మారకద్రవ్యం అడుగంటిన 2022లో ఆ దేశం క్యూఆర్ సంకేతం ఆధారంగా ఇంధన రేషన్ ప్రవేశపెట్టింది. తొలుత కారుకు వారానికి 20 లీటర్లు, ఆటోకు 5 లీటర్లు, మోటారు సైకిలుకు 4 లీటర్లు కేటాయించింది. వాహనాల దిగుమతులు 2020లోనే ఆగిపోవడంతో పాత కార్లతోనే సరిపెట్టుకోవలసిన పరిస్థితి. సొంత కార్ల దిగుమతికి మళ్లీ తలుపులు తెరుచుకున్నది 2025 ఫిబ్రవరిలోనే. వారానికి 20 లీటర్లే దొరికే చోట లీటరుకు 16 ఇచ్చే కారు 320 కిలోమీటర్లు తిరుగుతుంది. 11 ఇచ్చేది 220 కిలోమీటర్ల వద్ద ఆగిపోతుంది.

భారతదేశానికి ఆ దుస్థితి లేకపోయినా మనకు అవసరమైన ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకుంటున్నదే. ఇథనాల్ కలపడం వెనుక ఉన్న ప్రధానోద్దేశాల్లో ఈ బిల్లు తగ్గించడం ఒకటి. ఒక పాత కారు బ్రేకు పట్టేసి పదిశాతం పెట్రోలు వృథా చేస్తుంటే, ఆ కారుకు సంబంధించినంత వరకు ఇథనాల్ వల్ల కలిగిన ఆదా చాలావరకు హరించుకుపోయినట్లే.

ఏది ముందు, ఏది తర్వాత

అనుభవజ్ఞులైన మెకానిక్‌లు పాటించే క్రమం తేలికైనది. ఖర్చు లేనివి ముందు, ఖర్చయ్యేవి తర్వాత. మొదట ట్యాంకు లెక్క, కాలుష్య ధ్రువపత్రం అంకెలు, టైర్ల గాలి, చక్రాల వేడి, ఉష్ణోగ్రత ముల్లు. తర్వాత ప్లగ్గులు, చోక్, ఫిల్టర్, గొట్టాలు. ఆపైన స్కానర్, సెన్సార్లు, క్లచ్. అన్నిటికీ చివర కంప్రెషన్. ఒకసారికి ఒక్క మార్పే చేసి మళ్లీ ట్యాంకు లెక్క చూసుకోవాలి. నాలుగు భాగాలు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. మిగిలిన మూడింటికి పెట్టిన డబ్బు అక్కరకు వచ్చిందో లేదో ఎన్నటికీ తేలదు.

మరమ్మతు గిట్టుబాటు అవుతుందా లేదా అన్నది కారు వయసు కంటే అది తిరిగే దూరం మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. పైన చెప్పిన కారుకు రూ.20 వేలు ఖర్చు చేసి పాత మైలేజీ పూర్తిగా రప్పించగలిగితే, నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే యజమానికి ఏడు నెలల్లో ఆ సొమ్ము తిరిగి వస్తుంది. నెలకు రెండు వందల కిలోమీటర్లు మాత్రమే తిరిగే విశ్రాంత ఉద్యోగికి అదే సొమ్ము రాబట్టుకోవడానికి దాదాపు మూడేళ్లు పడుతుంది. అటువంటివారు బ్రేకులు, పెట్రోలు గొట్టాల వంటి భద్రతకు సంబంధించిన లోపాలను తప్పక సరిచేయించుకుని, తక్కినవాటి విషయంలో లెక్క చూసుకున్న తర్వాతే మెకానిక్ షెడ్డుకు వెళ్లడం శ్రేయస్కరం.